క్యాన్సర్ పిల్లల తోబుట్టువులు: ఎవరికి ఏం కావాలో తెలిసేదెలా?

ఇంట్లో ఒక బిడ్డకి క్యాన్సర్ వస్తే మిగతా పిల్లల మనసు ఏమవుతుంది? ఈ ప్రశ్న మీద అరవై ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. జవాబులు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. ఈ పిల్లల్లో సగం మంది గట్టిగా దెబ్బతింటున్నారని కొందరు రాశారు. సగటున చూస్తే తోటి పిల్లలకీ వీళ్లకీ పెద్ద తేడా లేదని మరికొందరు తేల్చారు. దెబ్బతిన్నారా లేదా అన్నది పక్కనపెట్టి, వాళ్లకి ఏం కొరవడిందో అడగండని ఇంకో వర్గం వాదిస్తోంది. మూడు మాటల వెనకా చెప్పుకోదగ్గ అధ్యయనాలే ఉన్నాయి.

చిక్కు ఇక్కడితో ఆగదు. జబ్బుపడిన బిడ్డ రోజూ డాక్టర్ల కళ్ల ముందే ఉంటాడు. తోబుట్టువు ఆస్పత్రి గుమ్మం తొక్కడం అరుదు. ఆస్పత్రి రికార్డులో అతని ఉనికి సాధారణంగా కుటుంబ చరిత్ర కింద ఒక్క పంక్తి: ఇద్దరు సంతానం, పెద్దవాడు, ఆరోగ్యవంతుడు. ఆ 'ఆరోగ్యవంతుడు' అన్న మాట ఎవరు చెబితే రాశారు, ఎప్పుడు రాశారు, మళ్లీ ఎవరైనా అడిగారా అన్నదే నిజానికి ఈ చర్చ అంతా.

చావు చుట్టూ మొదలైన పరిశోధన

తొలి అధ్యయనాలు మరణం చుట్టూనే తిరిగాయి. అందుకు కారణం ఉంది. 1948లో బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌తో పిల్లల లుకేమియాని కొంతకాలమైనా వెనక్కి నెట్టవచ్చని చూపించేదాకా ఆ జబ్బుకి మందన్నదే లేదు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లపాటు రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో బతికి బట్టకట్టినవాళ్లు తక్కువే. అందుకే 1964లో కెయిన్, ఫాస్ట్, ఎరిక్‌సన్ అనే ముగ్గురు రాసిన వ్యాసం తోబుట్టువును పోగొట్టుకున్న పిల్లల గురించి. తన వల్లే చనిపోయాడన్న అపరాధభావం, రేపు తనకీ అదే గతి అన్న భయం అందులో ప్రధానంగా కనిపిస్తాయి. అయితే వాళ్లు పరిశీలించినది అప్పటికే మానసిక చికిత్సకి వచ్చిన పిల్లలని. చికిత్సకి రాని పిల్లల సంగతి ఆ వ్యాసం చెప్పలేదు, చెప్పే వీలూ లేదు.

1969లో బింగర్ బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వేసిన వ్యాసం ఈ రంగంలో ఇప్పటికీ తరచుగా వినబడుతుంది. లుకేమియాతో బిడ్డ చనిపోయిన 20 కుటుంబాలని కలిసి మాట్లాడితే, సుమారు సగం ఇళ్లలో అంతకుముందు చక్కగా ఉన్న తోబుట్టువుల్లో కొత్త ఇబ్బందులు బయటపడ్డాయి. పక్క తడపడం, తలనొప్పి, వదలని కడుపునొప్పి, చదువులో వెనకబడటం, బడికి వెళ్లనని మొండికేయడం, అమ్మని వదిలి ఉండలేకపోవడం. 'సగం మంది' అన్న మాట అక్కడ పుట్టింది. 20 కుటుంబాల నుంచి వచ్చిన ఆ మాట తర్వాతి రోజుల్లో తన స్తోమతుకి మించిన బరువు మోసింది.

పదేళ్ల తర్వాత, 1979లో, కెయిర్న్స్ బృందం జబ్బు పిల్లల్నీ వాళ్ల తోబుట్టువుల్నీ పక్కపక్కన పెట్టి పరీక్షించింది. ఒంటరితనం, అమ్మానాన్నలు జబ్బు బిడ్డనే గారం చేస్తున్నారన్న భావన, లోపలి కోపాన్ని ఇంట్లో చెప్పుకోలేని భయం వంటి కొన్ని విషయాల్లో రోగి కంటే తోబుట్టువే ఎక్కువ నలిగిపోతున్నట్టు తేలింది. దానికి కొంచెం ముందే, 1978లో, మైరా బ్లూబాండ్-లాంగ్నర్ అనే మానవ శాస్త్రవేత్త లుకేమియా వార్డులో పిల్లల్ని గమనించి ఒక పుస్తకం రాశారు. ఎవరూ చెప్పకపోయినా తాము చనిపోతున్నామని పిల్లలకి తెలుసు. తెలిసినట్టు కనబడితే అమ్మానాన్నలు తట్టుకోలేరనీ తెలుసు. అందుకని తెలియనట్టే ఉంటారు. ఆ పుస్తకం రోగుల గురించి రాసినదే అయినా, మాట్లాడని బిడ్డకి బాధ లేదని అనుకోవడం ఎంత పొరపాటో తోబుట్టువుల మీద పనిచేసేవాళ్లకి కూడా అదే నేర్పింది.

ఈలోగా వైద్యం మారిపోయింది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ లుకేమియాలో సంపన్న దేశాల్లో ఇవాళ పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారు. చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. ఐదో తరగతిలో ఉన్నప్పుడు తమ్ముడికి జబ్బు చేస్తే అది ముగిసేసరికి అన్న ఏడో తరగతి దాటిపోతాడు. ఆ మధ్యకాలమంతా ఇల్లు రక్తకణాల కౌంట్ల చుట్టూ, జ్వరం చూసే థర్మామీటర్ చుట్టూ తిరుగుతుంది. దీంతో ప్రశ్న స్వరూపమే మారింది. ఒక్కసారి వచ్చిపడే దుఃఖం స్థానంలో ఏళ్లకేళ్లు సాగే ఒత్తిడి వచ్చింది. 1991లో చెస్లర్ బృందం ఈ తోబుట్టువుల్ని కుటుంబపు అంచున ఉన్నవాళ్లుగా వర్ణించింది ఈ నేపథ్యంలోనే.

లెక్కలు ఎందుకు కలవడం లేదు

2010లో మెలిసా ఆల్డర్‌ఫర్ బృందం 65 వ్యాసాల్ని ఒకచోట చేర్చి సమీక్షించింది. 2018లో క్రిస్టిన్ లాంగ్ బృందం దాన్ని కొనసాగిస్తూ 102 అధ్యయనాల్ని జల్లెడ పట్టింది. రెండూ చెప్పినదాని సారాంశం దాదాపు ఒకటే: ఆందోళన, దిగులు వంటి వాటిలో తోబుట్టువుల సగటు మిగతా పిల్లల సగటుకి దూరంగా లేదు. కానీ ఆ సగటు కింద కొంతమంది పిల్లలు బాగా ఇబ్బంది పడుతున్నారు. రోగ నిర్ధారణకి దగ్గరి నెలల్లో బాధ ఎక్కువ. మొదటి రెండేళ్లలో చదువు, బడి దెబ్బతింటాయి. కొందరిలో పరిపక్వత, ఇతరుల పట్ల కరుణ పెరుగుతాయి.

సగటు బాగుందన్న మాటకి విధాన నిర్ణేతలు సంతోషిస్తారు. కానీ గుర్తించడం అన్నది సగటుతో జరిగే పని కాదు. సగటు బాగున్నప్పుడే, లోపల ఉన్న ఆ కొద్దిమందిని వెతకడం మరింత కష్టం. నా దృష్టిలో ఈ రెండు పెద్ద సమీక్షల అసలు పాఠం ఇదే. పైకి వినబడినది మాత్రం 'పర్వాలేదు, బాగానే ఉన్నారు' అన్న ముక్క.

మిగతా తేడాలకి కారణాలు పద్ధతుల్లో ఉన్నాయి. మొదటిది, ఎవరిని అడిగారన్నది. 1987లో ఆకెన్‌బాక్ బృందం పిల్లల ప్రవర్తన గురించి వచ్చిన అధ్యయనాల్ని కూర్చి చూస్తే, తల్లి చెప్పినదానికీ తండ్రి చెప్పినదానికీ పొంతన 0.60 దాకా ఉంది. పిల్లలు తమ గురించి తాము చెప్పినదానికీ పెద్దవాళ్లు చెప్పినదానికీ పొంతన 0.22 మాత్రమే. ఇది మామూలు ఇళ్ల లెక్క. వార్డులో నిద్రలేని తల్లి, ఇంటి దగ్గర వదిలివచ్చిన బిడ్డ గురించి ఫారం నింపితే ఆ పొంతన ఇంకెంత ఉంటుందో ఊహించుకోవచ్చు. కొందరు తల్లులు తమ బాధనే బిడ్డలో చూస్తారు. మరికొందరు ఒక్క బిడ్డయినా బాగున్నాడని నమ్మాలనుకుంటారు.

రెండోది, ఎవరితో పోల్చారన్నది. ఇందులో ఒక వింత ఉంది. 1970 నుంచి 1986 మధ్య క్యాన్సర్ వచ్చి బతికిన వేలమందిని అనుసరించిన అమెరికన్ మహాధ్యయనం, చైల్డ్‌హుడ్ క్యాన్సర్ సర్వైవర్ స్టడీ, పోలిక కోసం ఎంచుకున్నది వాళ్ల తోబుట్టువుల్నే. రోగితో పోల్చడానికి 'మామూలు మనిషి' ఎవరంటే తోబుట్టువు అన్నమాట. ఆ తోబుట్టువుల మానసిక స్థితి మీదే ఆ అధ్యయనం నుంచి వ్యాసం రావడానికి 2011 దాకా పట్టింది.

మూడోది, ఏ కొలబద్ద పెట్టారన్నది. దిగులు కొలిచే ప్రశ్నావళి పెడితే 'తేడా లేదు' అని వచ్చిన చోటే, మానసిక గాయం కొలిచే ప్రశ్నావళి పెడితే అంకెలు ఎగిసిపోతాయి. 2003లో ఆల్డర్‌ఫర్ బృందం జబ్బు నయమైన పిల్లల తోబుట్టువులు 78 మందిని చూస్తే సుమారు మూడోవంతు మందిలో ఒక మోస్తరు నుంచి తీవ్రమైన గాయ లక్షణాలు కనిపించాయి. 2013లో అదే వర్గం 125 మందిని పరీక్షిస్తే 60 శాతం మంది ఆ మెట్టులో ఉన్నారు, 22 శాతం మందిలో పూర్తిస్థాయి లక్షణాలు తేలాయి. నిద్రలో ఆస్పత్రి కలలు, ఆ ఊసెత్తితే లేచి వెళ్లిపోవడం, పాఠం మధ్యలో ధ్యాస తప్పడం వంటివి దిగులు ప్రశ్నావళికి అందవు.

నాలుగు చూపులు

ఈ రంగంలో ఇవాళ స్థూలంగా నాలుగు ధోరణులు ఉన్నాయి. సరిహద్దులు అంత నిక్కచ్చిగా ఉండవు. ఒకే పరిశోధకురాలు రెండు మూడింటిలో పనిచేయడం మామూలే.

మొదటిది రోగ లక్షణాల చూపు. మామూలు పిల్లల కోసం తయారుచేసిన ప్రశ్నావళిని తోబుట్టువులకి ఇచ్చి, ఒక హద్దు దాటినవాళ్లని మానసిక వైద్యుడి దగ్గరికి పంపడం. చవక, వేగం, పోల్చడానికి వీలు. హద్దు దాటని బిడ్డ మాత్రం దీనికి కనబడడు.

రెండోది గాయం చూపు. యాన్ కజాక్ వంటివాళ్లు బలపరిచిన ఈ ఆలోచన ప్రకారం, పిల్లల తీవ్ర అనారోగ్యం ఇంటిల్లిపాదినీ తాకే ఒక ఆఘాతం. దీని మీద ఒక సాంకేతిక వివాదం ఉంది. 1994 నాటి అమెరికన్ మానసిక రోగాల పట్టిక, డీఎస్ఎం నాలుగో కూర్పు, ప్రాణాంతక జబ్బుని కూడా గాయపరిచే సంఘటనగా ఒప్పుకుంది. 2013లో వచ్చిన ఐదో కూర్పు తలుపు సగం మూసింది. జబ్బు అన్నంతమాత్రాన చాలదు, హఠాత్తుగా జరిగిన ఘోర వైద్య సంఘటన అయివుండాలి. దగ్గరివాళ్లకి జరిగిన కీడు గురించి వినడమే అయితే అది హింస వల్లో ప్రమాదం వల్లో జరిగివుండాలి. ఆ లెక్కన, చెల్లికి క్యాన్సర్ అని ఫోన్‌లో విన్న అన్నకి ఎన్ని లక్షణాలున్నా ఆ రోగం పేరు పెట్టడానికి నిబంధనలు ఒప్పుకోవు. లక్షణాలు ఉన్నాయి, పేరు లేదు. వైద్య బీమా బిల్లుల మీద నడిచే దేశాల్లో పేరు లేకపోతే చికిత్సకి డబ్బు రాదు. కాబట్టి ఇది పండితుల తగవుగా మిగిలిపోయేది కాదు.

మూడోది కుటుంబ చూపు. బిడ్డని విడిగా చూడకుండా ఇంటిని చూడమంటుంది. ఫిలడెల్ఫియా పిల్లల ఆస్పత్రిలో కజాక్ బృందం తయారుచేసిన సైకోసోషల్ అసెస్‌మెంట్ టూల్ ఇందుకు నమూనా. తల్లో తండ్రో నింపే చిన్న ఫారం. ఇంట్లో ఎంతమంది, డబ్బు ఇబ్బంది ఉందా, అండగా ఎవరున్నారు, రోగి ప్రవర్తన, తోబుట్టువుల ప్రవర్తన, తల్లిదండ్రుల ఒత్తిడి వంటివన్నీ అందులో ఉంటాయి. వచ్చిన మార్కుల్ని బట్టి కుటుంబాలు మూడు మెట్లుగా విడిపోతాయి: అందరికీ ఇచ్చే సాయం చాలినవాళ్లు, కాస్త ప్రత్యేక శ్రద్ధ కావలసినవాళ్లు, నిపుణుల చికిత్స అవసరమైనవాళ్లు. రద్దీ ఉన్న ఆస్పత్రికి ఇది ఆచరణీయం. దీని బలహీనత కూడా స్పష్టమే. తోబుట్టువు గురించి చెప్పేది తోబుట్టువు కాదు.

నాలుగోది అవసరాల చూపు. చర్చని ముందుకి నడిపినది ఇదేనని నా అభిప్రాయం, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగాలి. 2005లో విల్కిన్స్, ఉడ్‌గేట్ తోబుట్టువుల మాటల్ని నేరుగా రికార్డు చేసిన అధ్యయనాల్ని సమీక్షించారు. వాళ్లకి కనిపించినవి మూడు: జీవితం తలకిందులు కావడం, ఉధృతమైన భావాలు, తీరని అవసరాలు. ఆ మూడో మాటని పట్టుకుని ఆస్ట్రేలియాలో యువతకి క్యాన్సర్ విషయంలో అండగా ఉండే కాంటీన్ సంస్థ, పాండోరా ప్యాటర్సన్ నాయకత్వంలో, 12 నుంచి 24 ఏళ్ల తోబుట్టువుల కోసం ఒక కొలమానం తయారుచేసింది. 45 ప్రశ్నలు, ఏడు విభాగాలు. జబ్బు గురించిన సమాచారం, ఆటవిడుపు, ఇంటి పనుల్లో సాయం, స్నేహితుల అండ, భావాలతో వేగడం, ఇంట్లోవాళ్లు అర్థం చేసుకోవడం, జబ్బుపడిన తోబుట్టువుతో అనుబంధం. ఒక్కొక్క అవసరం ఎంత మేరకు తీరకుండా ఉందో ఆ యువతీ యువకులే చెబుతారు.

తేడా ఎక్కడుందంటే, ఇక్కడ బిడ్డని రోగిగా చూడటం లేదు. ఏడుపు రావడం లేదని చెప్పిన పిల్ల కూడా 'మందు ఎలా పనిచేస్తుందో నాకెవరూ చెప్పలేదు' అని రాయగలదు. ఆ ఖాళీని పూరించడానికి మానసిక వైద్యుడు అక్కర్లేదు. తీరిక ఉన్న ఒక నర్సు చాలు. ఏ బిడ్డకి ఏం కావాలో కొలమానమే చెబుతుంది కాబట్టి, గుర్తించడానికీ సాయపడటానికీ మధ్య దూరం తగ్గుతుంది.

ఒకే పిల్ల, నాలుగు జవాబులు

నాలుగు చూపుల తేడా తెలియాలంటే ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. పన్నెండేళ్ల అమ్మాయి. ఆరేళ్ల తమ్ముడికి లుకేమియా. అమ్మ, తమ్ముడు హైదరాబాద్‌లో. నాన్న వారం అక్కడ, వారం ఇక్కడ. పిల్ల అమ్మమ్మ దగ్గర ఉండి బడికి వెళుతోంది. పొద్దున నీళ్లు పట్టి, జడ తనే వేసుకుని, టిఫిన్ డబ్బా సర్దుకుంటుంది. రాత్రి అమ్మ ఫోన్ చేసి 'తిన్నావా, హోంవర్క్ అయ్యిందా' అంటే 'ఆ' అంటుంది. అమ్మ గొంతు అలసటగా ఉందని గ్రహించి రెండు నిమిషాల్లో ఫోన్ అమ్మమ్మకి ఇచ్చేస్తుంది. చుట్టుపక్కల అందరూ 'బంగారు తల్లి, ఎంత బుద్ధిమంతురాలో' అని మెచ్చుకుంటారు.

లక్షణాల ప్రశ్నావళిలో ఈ పిల్ల మార్కులు మామూలుగానే వస్తాయి. అల్లరి లేదు, మారాం లేదు, పేచీ లేదు. గాయం ప్రశ్నావళిలో రెండు మూడు చోట్ల టిక్కు పడొచ్చు, ముఖ్యంగా రాత్రి ఫోన్ మోగితే గుండె దడదడలాడటం దగ్గర. కుటుంబ ఫారం నింపే అమ్మ డబ్బు ఇబ్బంది, తన నిద్రలేమి రాసి, పెద్దపిల్ల దగ్గరికి వచ్చేసరికి 'సమస్య లేదు' అని రాస్తుంది. ఇల్లు మధ్య మెట్టులోకి వెళుతుంది కానీ పిల్ల పేరు ఎవరికీ అందదు. అవసరాల ప్రశ్నావళిలో మాత్రం కనీసం మూడు విభాగాలు నిండుతాయి. తమ్ముడికి జుట్టు ఎందుకు ఊడిందో తెలియదు. తనకీ వస్తుందేమోనన్న అనుమానం ఎవరినీ అడగలేదు. ఆడుకోవడం మానేసింది. ఈ నాలుగో జవాబు మిగతా మూడింటినీ తప్పు అనడం లేదు. వాటికి అడగాలని తోచనిదాన్ని అడిగింది.

అవసరాల కొలమానానికి మాత్రం లోటు లేదా? ఉంది. తనకి ఏదైనా కావాలని చెప్పడమే తప్పనుకునే బిడ్డ 'నాకేం అక్కర్లేదు' అని రాసేస్తుంది. తమ్ముడు ప్రాణాలతో పోరాడుతుంటే నాకు ఆటవిడుపు కావాలని ఎలా అడగను అనుకునే పిల్లలు ఎక్కడైనా ఉంటారు, మన ఇళ్లలో మరీ ఎక్కువ. పైగా పన్నెండేళ్ల లోపువాళ్లని ఈ కొలమానం పలకరించనే లేదు.

దాత అయిన తోబుట్టువు

మూలుగ మార్పిడి అవసరమైనప్పుడు ఇంతవరకూ కనబడని తోబుట్టువు ఒక్కసారిగా అందరికీ కావలసినవాడు అవుతాడు. మూలుగ కలుస్తుందో లేదో తేల్చే కణాల గుర్తులు, అంటే హెచ్‌ఎల్‌ఏ, ఒకే తల్లిదండ్రుల బిడ్డల మధ్య పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. రక్తం తీసి పరీక్షిస్తారు. సరిపోతే దాత, సరిపోకపోతే మళ్లీ ఇంటికి.

1990లలో వెండీ ప్యాక్‌మన్ బృందం దాతలైన తోబుట్టువుల్నీ కాని తోబుట్టువుల్నీ పోల్చింది. దాతల్లో ఆందోళన ఎక్కువ, తమ మీద తమకి గౌరవం తక్కువ. కానివాళ్లలో బడి సమస్యలు ఎక్కువ. తన మూలుగ ఇచ్చాక కూడా తమ్ముడు దక్కకపోతే ఆ బిడ్డ మోసేది మామూలు దుఃఖం కాదు. సరిపోని బిడ్డ మోసేది వేరే: నేను పనికిరాలేదు. 2010లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ పిల్లల మూలుగ దానం మీద విధాన ప్రకటన ఇస్తూ, దాత బిడ్డ తరఫున మాట్లాడటానికి రోగి వైద్య బృందంతో సంబంధం లేని ఒకరు ఉండాలని చెప్పింది. తోబుట్టువుల విషయంలో పాటించదగ్గ అతి స్పష్టమైన నియమం బహుశా ఇదే. విచిత్రమేమంటే తోబుట్టువు శరీరం అవసరపడ్డాకే అతనికంటూ ఒక ప్రతినిధి అన్న ఆలోచన కాగితం మీదికి ఎక్కింది.

మన ఆస్పత్రులు, మన ఇళ్లు

పైన చెప్పిన పరిశోధనంతా దాదాపుగా అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్, స్వీడన్‌లది. అక్కడి తోబుట్టువు సాయంత్రానికి అమ్మనో నాన్ననో చూడగలడు, వారాంతంలో వార్డుకి వెళ్లగలడు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పిల్లల క్యాన్సర్ వైద్యం కొన్ని పెద్ద ఊళ్లలోనే కూడి ఉంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, బసవతారకం వంటి ఆస్పత్రులు, విశాఖ దగ్గర టాటా వారి హోమీ భాభా ఆస్పత్రి, తిరుపతి. ఆదిలాబాద్ నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన తల్లి నెలల తరబడి ఊరికి దూరంగా ఉండక తప్పదు. సెయింట్ జూడ్ ఇండియా వంటి సంస్థలు హైదరాబాద్, విశాఖల్లో ఉచితంగా బస ఇస్తున్నాయి కాబట్టి సగంలో చికిత్స మానేసేవాళ్లు తగ్గుతారు. కానీ ఊళ్లో ఉన్న రెండో బిడ్డ అలాగే ఉంటాడు. అమ్మమ్మ ఇంట్లోనో, పెదనాన్న ఇంట్లోనో, గురుకులం హాస్టల్లోనో.

కాబట్టి ఆస్పత్రి చుట్టూ అల్లిన ఏ కొలమానమైనా ఇక్కడ సగమే పనిచేస్తుంది. 2007లో మొదలైన ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీ పేద కుటుంబాలకి ఈ చికిత్సని అందుబాటులోకి తెచ్చింది, అది చిన్న విషయం కాదు. ఆ ప్యాకేజీలు రోగికి చేసే వైద్యం మీద లెక్కగట్టినవి. ఇంటి దగ్గరి బిడ్డకి అందులో చోటు లేదు. ఆ బిడ్డని రోజూ చూసేది క్లాసు టీచరు. టీచరుకి ఇంట్లో జబ్బు సంగతి తెలిసివుంటుందా అన్నది మరో ప్రశ్న. చాలా కుటుంబాలు క్యాన్సర్ మాట బయటికి పొక్కనివ్వవు. ఆడపిల్లలున్న ఇంట్లో మరీను, రేపు సంబంధాలు చూసేటప్పుడు 'వంశంలో ఉందట' అంటారన్న భయం. పిల్లల క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి కొద్దిభాగమే అని డాక్టరు చెప్పినా ఆ భయం పోదు. ఫలితంగా తోబుట్టువుకి కూడా 'జ్వరం, తగ్గిపోతుంది' అనే చెబుతారు. జ్వరానికి ఆరు నెలలు ఎవరూ ఆస్పత్రిలో ఉండరని ఎనిమిదేళ్ల పిల్లవాడికి తెలుసు.

ఇంకో చిన్న సంగతి, పరిశోధన వ్యాసాల్లో పెద్దగా కనబడదు. కీమో తీసుకుంటున్న బిడ్డకి ఆటలమ్మ సోకితే ప్రాణం మీదికి రావచ్చు. అందుకని తోబుట్టువుకి ఒంటిమీద నాలుగు పొక్కులు కనిపించగానే రాత్రికి రాత్రి మరో ఇంటికి పంపేస్తారు. వైద్యపరంగా అది సరైన పని. కారణం విడమర్చి చెప్పకపోతే ఆ పిల్లవాడికి మిగిలేది 'నా వల్ల తమ్ముడికి ఏదో అవుతుంది' అన్న ముద్ర. మన దగ్గర ఎవరైనా ప్రశ్నావళి తయారుచేస్తే ఇలాంటివి అందులో ఉండాలి. ఎవరింట్లో ఉంటున్నావు, ఎన్నాళ్లయింది, అక్కడికి ఎందుకు పంపారో చెప్పారా, ఇంటి పని ఎంత చేస్తున్నావు, తమ్ముణ్ణి చివరిసారి ఎప్పుడు చూశావు. ఆస్ట్రేలియా కొలమానాన్ని తెలుగులోకి దించితే ఇవి రావు.

అమెరికాలోని తెలుగు కుటుంబాల పరిస్థితి మరో రకం. అక్కడి పెద్ద ఆస్పత్రుల్లో సోషల్ వర్కరు, పిల్లలకి ఆటల ద్వారా జబ్బు గురించి వివరించే నిపుణులు ఉంటారు. అండ కోసం అమ్మమ్మో నానమ్మో విజిటర్ వీసా మీద వస్తారు. ఆ వీసా మీద ఒక విడతకి ఉండనిచ్చేది సాధారణంగా ఆరు నెలలే, చికిత్స రెండు మూడేళ్లు. ఆవిడ తిరిగి వెళ్లిన రోజున పెద్దపిల్ల రెండోసారి ఒంటరిదవుతుంది. రోగ నిర్ధారణ తేదీని బట్టి మాత్రమే లెక్కవేసే పరీక్షల పట్టికలో ఆ రోజు ఉండదు.

గుర్తించాక ఏం చేస్తారు?

2015లో పిల్లల క్యాన్సర్ మానసిక, సామాజిక సేవలకి 15 ప్రమాణాలు ప్రకటించారు. తోబుట్టువులకి తగిన అండ ఇవ్వాలన్నది వాటిలో ఒకటి. గెర్హార్ట్ బృందం దానికి ఆధారాలు కూర్చింది. ప్రమాణం కాగితం మీద ఉన్నంత బలంగా ఆచరణలో లేదు. అమెరికాలోనే అన్ని కేంద్రాలూ పాటించడం లేదు. తోబుట్టువు ఆస్పత్రికి రాకపోవడం, అతని పేరు మీద బిల్లు లేకపోవడం, సిబ్బంది చాలకపోవడం కారణాలు.

సాయం చేస్తే ఫలితం ఉంటుందా అన్న దాని మీద ఆధారాలు మిశ్రమం. స్విట్జర్లాండ్‌లో ప్రచల్ బృందం 2012లో 30 మంది తోబుట్టువులతో చిన్న ప్రయోగం చేసింది. జబ్బు తెలిసిన తొలి వారాల్లో రెండే రెండు సార్లు కూర్చుని మాట్లాడారు. జబ్బు గురించిన అవగాహన, మనసు నిబ్బరం మెరుగుపడ్డాయి. గాయ లక్షణాలు, ఆందోళన తగ్గలేదు. టొరంటోలో మరూ బరేరా బృందం ఎనిమిది వారాల సామూహిక కార్యక్రమాన్ని, అంతే సమయం ఆటలతో హస్తకళలతో గడిపిన మరో గుంపుతో పోల్చింది. మొత్తమ్మీద రెండు గుంపుల ఆందోళనలో పెద్ద తేడా తేలలేదు. దీన్ని కార్యక్రమం పనిచేయలేదని చదవొచ్చు. తమలాంటి పిల్లలతో కలిసి వారానికి రెండు గంటలు కూర్చుంటే చాలు, ఏం నేర్పారన్నది అంత ముఖ్యం కాదనీ చదవొచ్చు. నేను రెండోవైపు మొగ్గుతాను, అయితే ఆ మొగ్గుకి రుజువు ఇంకా చాలదు.

సాయం లేని చోట పరీక్షలు పెట్టడం న్యాయమా అన్న అభ్యంతరం బలమైనదే. జిల్లా కేంద్రంలో పిల్లల మానసిక వైద్యుడు లేడు, మరి బిడ్డ బాధని తవ్వి బయటపెట్టి ఏం చేస్తాం? లక్షణాల కొలమానాల విషయంలో ఈ వాదన చాలావరకు నిలుస్తుంది. అవసరాల కొలమానం ముందు అంతగా నిలవదు. తెలియనిది చెప్పడం, వారానికి ఒకసారి వీడియో కాల్‌లో తమ్ముణ్ణి చూపించడం, టీచరుకి విషయం చేరవేయడం, ఇంటిపని కాస్త తగ్గించడం ఎవరైనా చేయగలిగినవి. వాటితో తీరని బాధ బయటపడితే 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలి-మానస్ నంబరు 14416 ఉంది, అందులో తెలుగులో మాట్లాడేవాళ్లు దొరుకుతారు. అది పూర్తి జవాబు కాదు, ఏమీ లేదనడానికి మాత్రం వీల్లేదు.

తేలనివి

ఎప్పుడు అడగాలన్నది తేలలేదు. తొలి నెలలో అడగాలని అందరూ ఒప్పుకుంటారు. చికిత్స పూర్తయ్యాక, అందరూ ఊపిరి పీల్చుకున్నాక, అంతవరకూ బిగపట్టి ఉన్న పిల్ల అప్పుడు తల్లడిల్లిపోవచ్చు. అప్పటికి ఆస్పత్రితో సంబంధమే తగ్గిపోతుంది. జబ్బు తిరగబెట్టినప్పుడు మళ్లీ మొదటి నుంచి అడగాలా అన్నదాని మీద పని తక్కువ.

ఆరేళ్ల లోపు పిల్లల గురించి తెలిసింది బహు స్వల్పం. ప్రశ్నావళులు చదవలేని వయసు కాబట్టి అధ్యయనాల నుంచి జారిపోయారు. ఆడపిల్లల్లో బాధ ఎక్కువన్న అధ్యయనాలున్నాయి, తేడా లేదన్నవీ ఉన్నాయి. మన దగ్గర ఇంటిపని ఎవరి మీద పడుతుందో చూస్తే ఈ ప్రశ్నకి ఇక్కడి జవాబు వేరుగా ఉండే అవకాశం ఉంది.

బిడ్డ దక్కని ఇళ్ల సంగతి మరీ వెనకబడింది. స్వీడన్ పరిశోధకులు దేశమంతటా గాలించి, క్యాన్సర్‌తో తోబుట్టువును పోగొట్టుకున్న యువతని రెండు నుంచి తొమ్మిదేళ్ల తర్వాత పలకరించారు. ఆ దుఃఖం నుంచి అసలు తేరుకోలేదనో, కొంతవరకే తేరుకున్నామనో సగానికి పైగా మంది చెప్పారు. ఆ ఇళ్లకి ఆస్పత్రి నుంచి ఎవరూ ఫోన్ చేయని కాలంలో కూడా ఆ అవసరం బతికే ఉందన్నమాట.

అన్నిటికంటే ముల్లుగా మిగిలినది గోప్యత ప్రశ్న. పదేళ్ల పిల్లవాడు నర్సుతోనో టీచరుతోనో మనసు విప్పి, చివర్లో 'అమ్మకి చెప్పకండి, ఏడుస్తుంది' అంటే ఏం చేయాలి? ప్రాణహాని సూచనలుంటే చెప్పి తీరాలన్నది అందరూ ఒప్పుకునే మాట. అంతకంటే తక్కువ స్థాయి బాధల దగ్గర ఏకాభిప్రాయం లేదు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల్ని అడగకూడదనే నియమం, తల్లిదండ్రుల్ని కాపాడటానికే పిల్లలు నోరు మూసుకుంటారన్న వాస్తవం ఎదురెదురుగా నిలబడ్డాయి. కొన్ని చోట్ల ప్రశ్నలు వేయకముందే ఏది ఎవరికి చెబుతామో బిడ్డకి ముందుగా వివరిస్తున్నారు. మరికొన్ని చోట్ల తల్లికి సమాధానాలు చూపించకుండా, ఏ విభాగంలో సాయం కావాలో మాత్రం చెబుతున్నారు. ఈ రెండిట్లో ఏది బిడ్డల చేత ఎక్కువ మాట్లాడిస్తుందో పోల్చి చూసే పని ఇంకా మిగిలే ఉంది.